రెండో బ్రేకు పిన్నిగారు

“ఇది పేలుతుందా, పిన్నిగారూ?”

బోనెట్ ఎత్తి నిలబెట్టి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అదే. పిన్నిగారు ఇంకా కొంగైనా నడుముకు దోపుకోలేదు.

“ఏది? కారా, నువ్వా?” అన్నారావిడ. “చూడబోతే ముందు నువ్వే పేలేట్టున్నావు.”

ఆ అమ్మాయి పనిచేసేది నీళ్లను పరీక్షించే ల్యాబులో. బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుందనీ, దానికి ఒక్క నిప్పురవ్వ చాలనీ డిగ్రీలోనే చదువుకుంది. ఆ చదువే ఇప్పుడు ఆమెని కారుకి రెండడుగుల దూరంలో నిలబెట్టింది. చంకలో ఎనిమిది నెలల పాప. టైము తొమ్మిది దాటింది. పదిన్నరకి ఊరికి ఆ చివరనున్న ఆసుపత్రిలో పాపకి వినికిడి పరీక్ష.

వెనక నుంచి పిలిస్తే పాప తిరిగి చూడటం లేదు. మొన్నామధ్య వంటింట్లో స్టీలు పళ్లెం జారి పడి ఇల్లంతా మోగితే ఆమే ఉలిక్కిపడింది తప్ప, పాప మాత్రం తన బొటనవేలు చీకుతూ కూర్చుంది. పరీక్షకి రోజు దొరకడానికి ఆరు వారాలు పట్టింది. పాప నిద్రలో ఉండగా చేసే పరీక్ష కాబట్టి, అప్పటిదాకా నిద్రపోనివ్వొద్దన్నారు. పొద్దున్న ఐదింటి నుంచీ కళ్ల ముందు గిలక్కాయ ఊపుతూ, ముఖం తడుపుతూ పాపని మేలుకొలిపి ఉంచింది. తీరా కిందికి వచ్చి తాళం తిప్పితే కారు ‘టక్’మని ఊరుకుంది. పాలపీక వెతకడానికి నిన్న లోపలి లైటు వేసి, ఆర్పడం మరిచిపోయింది; తెల్లారేసరికి బ్యాటరీ అయిపోయింది. భర్త డ్యూటీ మీద వేరే ఊళ్లో ఉన్నాడు. ట్యాక్సీ రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ రద్దయింది. ఇక దిక్కుతోచక పిన్నిగారుండే కింది వాటా తలుపు కొట్టింది.

పిన్నిగారు ముప్ఫై ఒక్క ఏళ్లు డ్రైవింగ్ స్కూల్లో నేర్పి, మూడేళ్ల కిందటే మానేశారు. నేర్పే కార్లలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకుంటుంది. దాని మీదే కాలుంచి సగం ఊరికి డ్రైవింగ్ నేర్పారు కాబట్టి ఆవిడకి ‘రెండో బ్రేకు’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆవిడ స్కూల్లో చేరిన మొదటి నెలలోనే ఓ పెద్దమనిషి బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కి, కారుని తిన్నగా క్షౌరశాల గోడ దాకా తీసుకెళ్లాడు. గడ్డానికి నురగ పూసుకున్న ఇద్దరు అలాగే వీధిలోకి పరుగెత్తారు. ఆవిడ తన కాలికింద బ్రేకున్న సంగతే మరిచి “ఆపు, ఆపు” అని అరిచినకొద్దీ ఆయన కాలు ఇంకా బిగుసుకుందట. ఆ రోజు నుంచీ ఒకటే పద్ధతి: ఏం చెయ్యబోతున్నావో ముందు పైకి చెప్పు, తర్వాత చెయ్యి. ఆ స్కూలు కారు వీధిలోకొస్తే “గేరు మారుస్తున్నా, అద్దం చూస్తున్నా” అనే కేకలు ముందొచ్చేవి. ఓ పళ్ల డాక్టరు ఇప్పటికీ కారు వెనక్కి తీసేటప్పుడు పైకి చెప్పుకుంటాడట.

పాపని పిన్నిగారి భర్త, బాబాయిగారు, ఎత్తుకుని దూరంగా అరుగు మీద కూర్చున్నారు. ఆయన దర్జీ, మెళ్లో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

“అమ్మాయ్, జాగ్రత్త! ఈవిడ ముప్ఫై ఏళ్లుగా నాకు రివర్సు నేర్పుతూనే ఉంది!”

“నేర్చుకునే బుద్ధుండాలిగా! మీరు పాపని నిద్రపోనివ్వకండి, అదే పదివేలు.”

పిన్నిగారు తన చిన్న కారుని తెచ్చి ఎదురుగా పెట్టారు. రెండిటికీ మధ్య రెండు జానల ఎడం. “ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకోకూడదు,” అన్నారు. రెండు బ్యాటరీల మీదా పన్నెండు వోల్టులేనని చూపించారు. రెండు ఇంజన్లూ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకులు లాగారు. లైట్లు, ఫ్యాను ఆపించారు. బ్యాటరీ ఉబ్బిందా, పగిలిందా, కారుతోందా అని అడిగారు. ఆమె వంగి చూసి లేదంది.

“ఉబ్బినా కారినా దాని జోలికే వెళ్లేవాళ్లం కాదు. ఉంగరం, గొలుసు తీసెయ్. కళ్లద్దాలున్నాయా?”

ఆమె సంచిలోంచి ల్యాబు కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. పిన్నిగారు ఒక బ్యాటరీ నుంచి ఇంకోదానికి కరెంటు ఎక్కించే కేబుళ్లు, ఎర్రదీ నల్లదీ, ఆమె చేతికిచ్చి, తన చేతులు వెనక్కి కట్టుకున్నారు.

“మీరు పెట్టరా?”

“నేను పెడితే ఈ పూటకి బతుకుతావు. నువ్వు పెడితే ఎప్పటికీ వస్తుంది. ఊఁ, చెప్పు. దేన్ని దేనికి పెడుతున్నావో వేలితో చూపించి మరీ చెప్పు.”

“ఎర్ర క్లిప్పు… నా బ్యాటరీ ప్లస్‌కి.” ఎర్ర టేపు చుట్టిన వైరు వైపు చెయ్యి సాచింది.

“టేపు కాదు, ప్లస్ గుర్తు చూపించు.”

గుర్తు దుమ్ములో కూరుకుపోయి ఉంది. గుడ్డతో తుడిచింది. తుడిచిన చోట అడ్డగీత ఒక్కటే ఉంది. మైనస్! ఇంకో చివర తుడిస్తే అక్కడుంది ప్లస్. ఈ పాత కారు ఆమెకి మేనమామ ఇచ్చాడు. తొడుగు చిరిగిన వైరుకి చేతికందిన టేపేదో చుట్టి ఉంటాడు.

“పిన్నిగారూ, ఇది… ఇది తిరగబడింది,” అంది. గొంతు బొంగురుపోయింది.

“ఆగు. ఏదీ ముట్టుకోకు.” పిన్నిగారు వంగి చూశారు. “నేనూ రంగే చూశానమ్మాయ్. నువ్వు తుడవకపోతే ఇద్దరం కలిసి తప్పు చేసేవాళ్లం. నీళ్లు తాగు ముందు.”

నీళ్లు తాగాక మళ్లీ మొదలుపెట్టింది. ఎర్రది తన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస పిన్నిగారి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది పిన్నిగారి మైనస్‌కి. మిగిలిన నల్ల కొసని బ్యాటరీకి దూరంగా, తన ఇంజను మీద రంగు పూయని బోల్టుకి. “రవ్వ లేస్తే ఇక్కడ లేస్తుంది, గ్యాసు దగ్గర కాదు,” అని తనంతట తనే కారణం చెప్పింది.

“చూశావా, చదివింది ఊరికే పోలేదు,” అన్నారు పిన్నిగారు.

పిన్నిగారి కారు ఇంజను ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచారు. తర్వాత ఆమె తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. అరుగు మీద నుంచి బాబాయిగారు చప్పట్లు కొట్టారు. క్లిప్పులు ఒకదానికొకటి తగలకుండా, చివర పెట్టినది ముందుగా, వరస తిరగేసి తీసింది. ప్రతిదీ పైకి చెప్పింది.

“దారిలో ఇంజను ఆపకు. రేపు బ్యాటరీని షాపులో చూపించు,” అంటూ పిన్నిగారు చెప్పులు వేసుకుని వెనక సీట్లో పాప పక్కన కూర్చున్నారు. దారంతా పాపకి గిలిగింతలు పెట్టి నవ్విస్తూనే ఉన్నారు. ఎర్ర లైటు కనబడ్డప్పుడల్లా ఆవిడ కాలు మాత్రం లేని బ్రేకుని తొక్కింది.

పదీ ఇరవైకి చేరారు. పది నిమిషాల్లో పాప తల్లి భుజం మీదే ఒళ్లు మరిచి నిద్రపోయింది.

పరీక్ష అయ్యాక డాక్టరమ్మ కాగితం చూసి చెప్పింది: వినికిడి నరం బాగుంది. కర్ణభేరి వెనక నీరు చేరింది. చాలామంది పిల్లల్లో అది దానంతటదే ఇంకిపోతుంది. మూడు నెలలకి మళ్లీ చూద్దాం. అమ్మాయి పాపతో వరండాలోకొచ్చి బెంచీ మీద కూర్చుని, చాలా రోజుల తర్వాత హాయిగా ఆవులించింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి పాపకి జ్వరమొచ్చింది. ఆమె మందు సీసా పట్టుకుని “జ్వరం సిరప్, రెండున్నర ఎమ్మెల్” అని పైకి చదివింది. చదువుతుంటే గొంతు వణికింది. సీసా బల్ల మీద పెట్టేసి, కిటికీ తీసి, కాసేపు గాలి పీల్చి, మళ్లీ చదివాకే పాప నోట్లో పోసింది. వినికిడి పరీక్ష రోజున ఆసుపత్రి బెంచీ మీద, నిద్రపోతున్న పాప పాదం నిమురుతూ పిన్నిగారు అన్నారు:

“పైకి చెప్పడం ఎవరైనా చేస్తారమ్మాయ్. చెప్పేటప్పుడు నీ గొంతు నువ్వు విను. అది వణుకుతున్నంతసేపూ చెయ్యి కదపకు.”