కత్తెరకు ముందు కన్ను మూయడం

ఆ టైలరింగ్ షాపులో మూడింటి టీకీ, మూడుంపావు కోతకూ మధ్య కళ్ళు మూసుకునే ఆచారం ఏ పరిస్థితుల్లో, ఎవరి చేతుల మీదుగా ప్రవేశించిందో భావితరాలకు సందేహం మిగలకూడదు. ప్రవేశపెట్టింది కటింగ్ అక్క. పరిస్థితి, రెండు ఎడమ చేతులు.

ఇరవయ్యారేళ్ళుగా ఆమె గీసిన గీతకు తిరుగు లేదు. అంతటి మనిషి ఒక కోటుకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. అది మొదలు కోటు గుడ్డ కనబడితే చాలు, కత్తెర ముందుకు కదిలేది కాదు.

"శనివారం ప్రిన్సిపాల్ గారి కోటుందక్కా," అన్నాడు ఓనరు, కొలతల పుస్తకంలో తల దూర్చి. "నీకు ఇబ్బందైతే మా బావమరిది కోస్తాడు. ఇక ఆ టేబులు కూడా వాడికే ఇచ్చేద్దామని..."

"మీ బావమరిది కత్తెర తీస్తే గుడ్డ తనంతట తనే చిరుగుతుంది," అంది అక్క. ధైర్యం నోట్లో ఉంది గాని వేళ్ళలోకి దిగలేదు.

నర్సు పని చేసే కూతురు ఫోనులో ఒక గొంతును ఎక్కించి ఇచ్చింది. దాన్ని వింటూ మనల్ని మనమే మైమరపించుకోవాలట. మిషను ముందు కూర్చుని అక్క విన్నది. "మీరు సముద్రపు ఒడ్డున ఉన్నారు," అంది గొంతు. తడిస్తే గుడ్డ ముడుచుకుంటుందని అక్కకు బెంగ పట్టుకుంది. "మీ పాదాలు బరువెక్కుతున్నాయి," అంది గొంతు. బరువెక్కిన పాదం పెడలు మీద పడింది. మోటారు గుర్రుమంది. ఎవరిదో కాలరు వాళ్ళ జేబుకే అతుక్కుంది.

"మైమరపులో కూడా ఓవర్ టైమేనా తల్లీ," అంది బొత్తాల రంధ్రాలు కుట్టే కాజాల పిన్ని.

మర్నాడు అక్క సంస్కరణలకు పూనుకుంది. మిషను వదిలి కటింగ్ టేబులు పక్కన స్టూలేసుకుంది. గొంతును కట్టేసింది. సముద్రాన్ని పంపించేసి, ఆ స్థానంలో తెల్లటి గుడ్డ తాను ఒకటి మెల్లగా పరిచి, ముడతల్ని అరచేత్తో సాఫు చేసుకుంటూ పోయింది. పది నుంచి వెనక్కి లెక్కపెట్టే బదులు, ఊపిరికొకటి చొప్పున మనసులోనే పది కుట్లు విప్పింది. 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అనుకోమన్న చోట, 'ఒకటి ఎడమ, ఒకటి కుడి' అనుకుంది.

గురువారం ఓనరు బయటనుంచి ఫోను చేశాడు.

"అక్క ఏదీ?"

"కన్ను మూసింది బాబూ," అంది పిన్ని.

అవతల ఏదో కిందపడిన చప్పుడైంది.

"పది నిమిషాల్లో తెరుస్తుందిలే," అంది పిన్ని.

"ఆ మాటేదో సరిగ్గా ఏడవొచ్చుగా పిన్నీ. ఇక్కడ నా ప్రాణం పోయినంత పనైంది."

శనివారం బావమరిది సొంత కత్తెర తెచ్చుకుని మరీ గుమ్మంలో నిలబడ్డాడు. అక్క టీ తాగింది, కళ్ళు మూసింది, పది కుట్లు విప్పింది, లేచింది. కత్తెర ఒక్క చోట కూడా ఆగకుండా వంపులు తిరిగింది. కోసిన కోటు చేతులు రెండూ ఎదురెదురుగా పెట్టింది. ఒకటి ఎడమ, ఒకటి కుడి. మిషన్లన్నీ ఆగాయి. పిన్ని కళ్ళద్దాలు తుడుచుకుంది. బావమరిది తన కత్తెరను మళ్ళీ కాగితంలో చుట్టుకున్నాడు.

"టేబులు నీదేనక్కా," అన్నాడు ఓనరు.

"ఎవరిదన్నారు మరి?" అని, అక్క తల కాస్త ఎత్తి, తర్వాతి పని ఏమిటని అడిగింది.

స్కూలు నిక్కర్లు, నలభై.