ముడి ఎటు పక్క?

వెల్లింగ్టన్‌లో ఓ జర్మన్ రెస్టారెంట్‌లో వడ్డించే పనికి చేరిన మొదటి రోజు, ఓనరమ్మ నా ముందు అట్టపెట్టె పెట్టింది. నిండా పేర్ల బిళ్లలు. హెల్గా, ఉర్సులా, మోనికా, పెట్రా. ఆవిడ చిన్నప్పుడు జర్మనీలో ఏ క్లాసులో చూసినా ఇవే పేర్లట. మా నాన్న పెట్టిన పేరుకు కస్టమర్ల నోరు తిరగదని, ఒకటి తీసుకోమంది. హెల్గా తీసుకున్నాను. తెనాలిలో పుట్టిన హెల్గాని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తర్వాత డిర్న్‌డల్ అనే జర్మన్ సంప్రదాయ దుస్తులు ఇచ్చింది. బిగుతు జాకెట్టు, కుచ్చుల లంగా, దాని మీద ఏప్రన్. మన లంగావోణీకి దూరపు చుట్టంలా ఉందని ముచ్చటపడేలోపే ఏప్రన్ నాడాల దగ్గర చిక్కొచ్చింది. ముడి ఎడమ పక్కనుంటే పెళ్లి కాలేదని, కుడి పక్కనుంటే అయిందని, వెనకుంటే భర్త పోయాడని అర్థమట.

"మరి విడాకులు తీసుకున్నవాళ్లకి?" అనడిగాను.

ఆవిడ నాడాలు నా చేతిలో పెట్టింది. "దానికంటూ ఏ పక్కా లేదు. నువ్వు కుడి పక్కన కట్టుకో, ఎవరూ విసిగించరు."

నాకు ఒళ్లు మండింది. ఈ ఊళ్లోనే జాన్సన్‌విల్ పేటలో మన తెలుగువాళ్లకు పెద్దదిక్కులా ఉండే ఆంటీ నెల క్రితం సరిగ్గా ఇదే సలహా ఇచ్చింది. "నల్లపూసలు తియ్యకు. ఎవరన్నా అడిగితే ఆయన కాంట్రాక్ట్ మీద ఆస్ట్రేలియా వెళ్లాడని చెప్పు. లేకపోతే నిన్ను ఏ ఇంటికీ పిలవరమ్మా!" రెండు బర్త్‌డే పార్టీల్లో అలాగే చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆ మనిషికి మళ్లీ పెళ్లామైపోయినట్టు అనిపించింది. పేరైతే అరువు తెచ్చుకున్నాను, మొగుణ్ణి తెచ్చుకోలేను.

ముడి ముందు, సరిగ్గా నడుం మధ్యలో వేశాను.

"అక్కడ చిన్నపిల్లలకు కడతారు," అంది ఓనరమ్మ.

"ఉండనివ్వండి. నా చేతికి అందుతుంది."

ఆవిడ భుజాలెగరేసి వంటింట్లోకి పోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం ఆంటీ, ఇండియా నుంచి వచ్చిన తోటికోడల్ని వెంటబెట్టుకుని భోజనానికి దిగింది. నన్ను చూడగానే మొహం మాడ్చుకుంది. అంతలోనే సర్దుకుని గట్టిగా అడిగింది.

"ఏమ్మా, మీ ఆయన ఆస్ట్రేలియా నుంచి ఎప్పుడొస్తున్నాడు?"

తోటికోడలి కళ్లు నా మెడలో నల్లపూసల కోసం వెతుకుతున్నాయి. అవి నా ఫ్లాట్‌లో, సొరుగులో ఉన్నాయి. ఈ మాటతో ఇకపై నాకు పిలుపులుండవని తెలుసు. అయినా చెప్పేశాను.

"రాడు ఆంటీ. మాకు విడాకులైపోయాయి. ఏం తింటారు? ఇవాళ బంగాళాదుంప సలాడ్ బావుంది."

ఆంటీ మెనూ కార్డు వెనక మొహం దాచుకుంది. తోటికోడలు మాత్రం నా జాకెట్టు మీది బిళ్లను కూడబలుక్కుంటూ చదివింది.

"హెల్గానా? ఇదేం పేరమ్మా?"

"అదొక్కటే అబద్ధమండీ," అన్నాను.