ఆశ్చర్యార్థకం తర్వాత మేడమ్ మాటలు

డిప్లొమాలో మాకు నెట్‌వర్కింగ్ నేర్పిన మేడమ్ పోయారని పోయిన వారం చింతామణి నుంచి ఫోన్ వచ్చింది. నేను చిక్కబళ్లాపురంలో డ్యూటీలో ఉన్నాను. చాలాసేపు కీబోర్డు మీద చెయ్యి పెట్టలేకపోయాను.

బాగేపల్లి నుంచి బస్సులో పోయి చదువుకున్న నాకు స్విచ్ అంటే గోడకుండే లైటు స్విచ్చే. కంప్యూటర్లను కలిపే పెట్టెను చూపించి, దీనితో నల్ల తెర మీద కమాండ్లు టైపు చేసి మాట్లాడాలని చెప్పింది మేడమే. మేము బిక్కమొహం వేస్తే, "తెలీకుంటే ప్రశ్న గుర్తు కొట్టప్పా. తర్వాత ఏం రాయాల్నో అదే చెప్తాది. అడిగినందుకు కసురుకోదు" అనేవారు.

రెండో ఏడాదిలో ఆమెకు గొంతు క్యాన్సర్ అని తేలింది. బెంగళూరులో ఆపరేషన్ అయింది. మాట పోయింది. సెలవు ముగిశాక మెడ చుట్టూ కొంగు కప్పుకొని ల్యాబుకు వచ్చారు. ఆమె మొహంలోకి చూసే ధైర్యం మాకెవరికీ లేదు. ల్యాప్‌టాప్‌ను స్విచ్‌కు తగిలించి, ఆశ్చర్యార్థకం కొట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు: "గొంతు పోయింది. వేళ్లు ఉండాయి. రాండి."

ఆ గుర్తుతో మొదలైన వరుసను స్విచ్ పట్టించుకోదు. అందుకే ఒక వరుస మాకు, ఒక వరుస దానికి. స్విచ్‌కు పేరు పెట్టడం, పాస్‌వర్డ్ పెట్టడం, కేబుళ్లు తగిలించే పోర్టులను వేరుచేయడం అట్లాగే నేర్చుకున్నాం.

మాటరాని మనిషి పాఠమేం చెబుతుందని కొందరు తల్లిదండ్రులు అడిగారట. ఆమెను ఆఫీసు పనికి మారుస్తున్నారని తెలిసి మేమంతా ప్రిన్సిపాల్ గదికి పోయాం.

"మాకు బాగా అర్థమవుతాండాది సార్" అన్నాను.

"నాకు తెలుసప్పా. ఆడళిత మండలి, అదే కాలేజీ మేనేజ్‌మెంటు, ఒప్పుకోలే. నేనేం చేసేది?" అన్నారాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ.

చివరి క్లాసు మామూలుగానే జరిగింది. లేచే ముందు తెర మీద రాశారు: "రేపట్నుంచి వేరే సార్ వస్తారు. ఆయన్ని గూడా అడగండి." కేబుల్ చుట్టి బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయారు. కొన్నాళ్లకు ఉద్యోగమే మానేశారు. ఆమెకు జరిగింది అన్యాయమని ఇప్పటికీ నా మనసు కుదుటపడదు. దాని గురించి ఎవరిని అడగాలో తెలియదు.

నిన్న చింతామణిలో వాళ్లింటికి వెళ్లాను. ఆమె భర్త నన్ను కూర్చోబెట్టారు. లోపల పక్కింటావిడ కాఫీ కలుపుతుంటే చెంచా స్టీలు గ్లాసుకు తగిలి టంగుమంది. ఆయన చటుక్కున లేచి "వస్తాండా" అన్నారు. పక్కింటావిడ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది.

"మాట పోయినాక నన్నట్లే పిలుస్తాండెనప్పా" అన్నారాయన మెల్లగా.

కాఫీ చల్లారిపోతున్నా ఆయన కూర్చోలేదు. వంటింటి వైపే చూస్తూ నిలబడి ఉన్నారు.