బావగారి మనుగుడుపులు, మా జున్ను కడుపుబ్బరం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికైనా మర్యాద సరిగ్గా జరిగిందనడానికి గుర్తు ఒకటే ఉండేది. ఆ మనిషి విస్తరి ముందు నుంచి తనంతట తాను లేవలేకపోవాలి. నేలకి చెయ్యి ఆనించి, ఒక్క మూలుగు మూలిగి, ఎవరైనా రెక్క పట్టుకుంటే అప్పుడు లేవాలి. అలా కాకుండా ఎవరైనా చలాకీగా లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోతే మా అమ్మ మొహం చిన్నబోయేది. "పాపం, ఏమీ తిన్లేదు. కూర కుదర్లేదేమో" అని సాయంత్రం దాకా దిగులుపడేది. మా ఊరి పోస్టుమేన్‌గారు ఉత్తరం ఇచ్చిపోదామని వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు సైకిలు ఎక్కలేక నడిపించుకుంటూ వెళ్లడం నేను చూశాను. ఇవాళ తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పట్లో లోకమంతా ఇంతే అనుకునేదాన్ని. ఎదుటివాళ్లు వద్దన్న తరవాత వడ్డించేదే అసలైన వడ్డన అని నాకు పుట్టుకతోనే తెలుసు.

అలాంటి ఇంటికి మా అక్కని చేసుకుని అనంతపురం వైపు నుంచి అల్లుడొచ్చారు. మాది తణుకు పక్కన పల్లెటూరు. అటు వరిచేలు, ఇటు చెరకుతోటలు, మధ్యలో మా ఇల్లు. బావగారు బ్యాంకులో ఉద్యోగి. బక్కపలచని మనిషి. రెండు రొట్టెలు, కాస్త పప్పు, ఓ గ్లాసు మజ్జిగ, అంతటితో ఆయన భోజనం సమాప్తం. పెళ్లిపీటల మీద ఆయన్ని చూసి మా మామ్మ (నాన్నగారి అమ్మ, గుసగుసగా మాట్లాడుతున్నాననుకుంటూ ఊరంతటికీ వినిపించేలా మాట్లాడే మనిషి) నా చెవిలో "ఒసేయ్, లాల్చీ పెళ్లికొడుక్కి తొడిగారా, చిలక్కొయ్యకి తగిలించారా?" అంది. అమ్మ అది విన్నది. ఆ నిమిషంలోనే ఆవిడ మనసులో ఏదో గట్టి నిర్ణయం జరిగిపోయిందని ఆవిడ కొంగు బిగించిన తీరు చూసి నాకు అర్థమైంది.

పెళ్లయ్యాక మనుగుడుపులు మొదలయ్యాయి. అంటే కొత్త దంపతులు కొన్నాళ్లపాటు అమ్మాయి పుట్టింట్లో ఉండి మర్యాదలు అందుకోవాలన్నమాట. అల్లుడు కింద కూర్చుని తినడం ఏం బాగుంటుందని నాన్నగారు కొత్తగా డైనింగ్ టేబుల్ కొన్నారు. దాని మీద అమ్మ పువ్వుల గుడ్డ పరిచింది. ఆ గుడ్డ నాలుగువైపులా నేలదాకా జారి ఉండేది. ఈ గుడ్డ సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దాని కిందే జరిగింది.

పొద్దున్నే మినపట్టు, ఉప్మా, పెసరట్టు. మధ్యాహ్నం నాటుకోడి కూర, గారెలు, రొయ్యల వేపుడు, పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, బొబ్బట్లు. సాయంత్రం "నోరూరికే ఉంటే ఏం బాగుంటుందండి" అని కాజాలు, పూతరేకులు. బావగారు మొదట్లో చేతులు అడ్డం పెట్టేవారు. అమ్మ ఆ చేతుల సందులోంచి వడ్డించేసేది. "చాలండి" అంటే "అయ్యో, అప్పుడేనా బాబూ" అనేది. "నిజంగా చాలండి" అంటే "మా వంట నచ్చలేదేమోనండి" అనేది, కళ్లు తడి చేసుకుని. ఆ మాట తరవాత ఎంతటి మగాడైనా చెయ్యి తీసేయాల్సిందే. అయితే కొన్నాళ్లకి బావగారు గాడిలో పడ్డారు. పళ్లెంలో వేసిందల్లా ఖాళీ అవుతోంది. గారెలు మాయం. కోడిముక్కలు మాయం, ఎముకలతో సహా. "చూశారా, మన నీళ్లు పడ్డాయి" అని అమ్మ మురిసిపోయింది. మనిషి మాత్రం చిక్కిపోతున్నాడేంటని మామ్మ సందేహపడింది గాని, ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఇక జున్ను సంగతి. జున్ను నా పిల్లి. నేను డిగ్రీలో చేరిన ఏడు కాలవగట్టు మీద వానలో ముద్దయిపోయి అరుస్తుంటే ఇంటికి తెచ్చి, పెన్నులో సిరా పోసే ఫిల్లరుతో పాలు పట్టి బతికించుకున్నాను. తెల్లగా, మెత్తగా ఉంటుందని ఆ పేరు పెట్టాను. ఎలకల్ని చూస్తే మర్యాదగా పక్కకి తప్పుకునేంత మంచి పిల్లి. నా పరీక్షలూ, నా కోపాలూ, నా ఏడుపులూ అన్నీ దానికి తెలుసు. అక్క పెళ్లై వెళ్లిపోతోందన్న దిగులు కూడా దానికే చెప్పుకున్నాను. అలాంటి జున్ను ఒకరోజు పెరట్లో ఇసక కుప్ప దగ్గర కూర్చుని, గొయ్యి తవ్వుకుని, చాలాసేపు ముక్కి, ఏమీ జరక్క లేచి వచ్చేసింది. మర్నాడూ అంతే. దాని పొట్ట గట్టిగా, గుండ్రంగా బిగుసుకుపోయింది. పాలు చూస్తే మొహం తిప్పుకుంది. నేను పిలిస్తే తోక కొసైనా కదపలేదు.

మామ్మ రంగంలోకి దిగింది. మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్ల కడుపుబ్బరాన్నీ తీర్చిన చెయ్యి ఆవిడది. "చంటిపిల్లకైనా పిల్లికైనా పొట్ట పొట్టేనే" అని ఇంగువ అరగదీసి జున్ను బొడ్డు ఎక్కడుందో వెతికి, దొరక్క, పొట్టంతా పట్టించింది. దాంతో జున్ను ఇల్లంతా పులిహోర వాసన మోసుకుంటూ తిరిగింది. (నాన్నగారు రెండుసార్లు వంటింట్లోకి తొంగిచూసి "పులిహోర చేశారా?" అని అడిగారు.) అది పని చెయ్యలేదు. తరవాత మామ్మ తమలపాకు కాడ తుంచి, దానికి ఆముదం రాసి, "తోక ఎత్తి పట్టుకో పిల్లా" అంది. చంటిపిల్లలకి అది రామబాణం. కానీ చంటిపిల్లలకి గోళ్లు ఉండవు. జున్ను నా చేతుల్లోంచి ఎగిరి, ఆముదం గిన్నె తన్నేసి, సరాసరి వరండాలో పడక్కుర్చీలో ఆయాసపడుతున్న బావగారి ఒళ్లో పడింది. అత్తారు పెట్టిన కొత్త పంచె నిండా ఆముదం. ఆయన విసుక్కోలేదు సరికదా, జున్ను తల నిమిరి "సారీ, సారీ" అన్నారు. "ఎంత జాలిగుండె బాబూ!" అని అమ్మ పొంగిపోయింది. పిల్లికి సారీ చెప్పే బ్యాంకు ఉద్యోగిని నేను అదే మొదటిసారి చూడ్డం.

తణుకులో పశువుల డాక్టరుగారికి చూపిద్దామని బావగారే అన్నారు. అక్క సారెబుట్టలో పాత తువ్వాలు వేసి, జున్నుని కూర్చోబెట్టి, ఆ బుట్ట ఒళ్లో పెట్టుకుని నేను స్కూటరు ఎక్కాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. డాక్టరుగారు జున్ను పొట్ట నొక్కి చూసి మొహం చిట్లించారు.

"ఏం పెడుతున్నారండి దీనికి?"

"పాలన్నమండి. చేప తలకాయలండి. అంతేనండి" అన్నాను.

"పాలన్నానికి ఇలా అవదు. లోపల రాయిలా గట్టిపడిపోయింది. ఎముకలు గాని తిందా?"

బావగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, నువ్వు కాసేపు బయట కూర్చోమ్మా" అన్నారు. నేను బయటికి వెళ్లాను గాని కూర్చోలేదు. సూదిమందు కోసం కట్టేసి ఉన్న గేదె పక్కన నిలబడి, తలుపు సందుకి చెవి పెట్టాను.

"గారెలు డాక్టరుగారూ" అంటున్నారు బావగారు, పోలీసుల ముందు ఒప్పుకుంటున్న గొంతుతో. "నాటుకోడి. ఎముకలతోనే. బొబ్బట్టు... రోజూ. రొయ్యలు. పనసపొట్టు కూర మాత్రం అది తినలేదండి, అది నేనే తిన్నాను. టేబులు కింద కూర్చునేది. గుడ్డ ఉంది కదా, ఎవరికీ కనపడదు."

లోపల కుర్చీ కిర్రుమంది. తరవాత డాక్టరుగారు అడిగారు. "మీరు కొత్త అల్లుడా?"

"మీకెలా తెలుసండి?"

"మాది కర్నూలు. నేనూ ఈ జిల్లా అల్లుణ్ణే. మా అత్తారింట్లో కుక్క ఉండేది."

"ఉండేదా?" అన్నారు బావగారు గాభరాగా.

"ఇంకా ఉందిలెండి. లావైంది, అంతే. కానీ ఇది పిల్లి. ఈ ఆముదాలూ ఇంగువలూ దీనికి పనికిరావు. ఇంకా ఆలస్యం చేసుంటే దక్కేది కాదు."

దక్కేది కాదు అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికి వెళ్లి ఆ చిలక్కొయ్య మనిషిని నాలుగు మాటలు అందామనుకున్నాను. ఈలోగా ఆయన మెల్లిగా "డాక్టరుగారూ, నాక్కూడా... కదలిక లేదండి" అనడం వినిపించింది. "నాకు నాలుగుకాళ్ల వాటికే మందు రాసే అధికారం ఉందండి. అయినా వైద్యం ఇద్దరికీ ఒకటే. నీళ్లు బాగా తాగాలి, ఉడకబెట్టిన గుమ్మడికాయ తినాలి, కాస్త తిరగాలి" అన్నారాయన. జున్నుకి గొట్టంతో ఏదో మందు లోపలికి ఎక్కించి, "సాయంత్రంలోగా అవ్వాలి. అవ్వకపోతే మళ్లీ తెచ్చెయ్యండి, మత్తిచ్చి తియ్యాల్సొస్తుంది" అని చెప్పి పంపారు.

తిరుగుదారిలో బుట్ట ఒళ్లో బిగించి పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని కూర్చున్నాను. కాలవ వంతెన దగ్గర బావగారు స్కూటరు ఆపారు. నా వైపు చూడకుండా, నీళ్ల వైపు చూస్తూ అన్నారు. "నువ్వు విన్నావని తెలుసమ్మా. తలుపు కింద నీ చెప్పులు కనపడ్డాయి. మీ అమ్మగారు తెల్లారకముందే లేచి నా కోసం పొయ్యి దగ్గర కూర్చుంటున్నారు. వద్దంటే ఆవిడ కళ్లల్లో నీళ్లు. తింటే నా కళ్లల్లో నీళ్లు. నన్నేం చెయ్యమంటావు చెప్పు?" ఈ ప్రశ్నకి మా జిల్లాలో ఇంతవరకూ ఎవరూ జవాబు కనిపెట్టలేదు. ఆయన మొహం అచ్చం బుట్టలో ఉన్న జున్ను మొహంలాగే ఉంది. నా కోపం అక్కడే కాలవలో కలిసిపోయింది. కానీ భయం మాత్రం పోలేదు. జున్ను సంగతి తేలలేదు. పైగా అత్తగారి వంటంతా అల్లుడు పిల్లికి పెట్టాడని ఇంట్లో తెలిస్తే, అమ్మ ఆ మాటని జీవితాంతం మోస్తుంది.

గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది. "ఏం తిందంటే మాయదారి పిల్లి?"

బావగారు పాలిపోయారు. నేను బుట్ట కింద పెట్టి "ఎలకంటమ్మా. పెద్దదంట" అన్నాను.

"మరే! ఎవరికీ చెప్పకుండా ఎలకల్ని పడుతోందన్నమాట!" అని మామ్మ జున్నుని గర్వంగా చూసింది. దాని కళ్ల ముందే ఎలకలు సంసారాలు చేసుకుని పిల్లల్ని కన్నాయి. అయినా ఆ రోజు నుంచి అది మా వీధిలో పేరున్న వేటగత్తె అయిపోయింది.

సాయంత్రం అవుతోంది. జున్నుని ఇసక కుప్ప దగ్గర వదిలి అందరం కొబ్బరిచెట్ల వెనక నిలబడ్డాం. నాన్నగారు దగ్గు ఆపుకున్నారు. అక్క నా చెయ్యి పట్టుకుంది. "పట్టిసీమ వీరభద్రుడా, దీనికి సాఫీగా అయితే నీకు కొబ్బరికాయ కొడతాను తండ్రీ" అని మామ్మ గుసగుసగా (అంటే పక్కింటికి వినపడేలా) మొక్కుకుంది. జున్ను గొయ్యి తవ్వింది. కూర్చుంది. మా వైపు ఒకసారి చూసి, లేచి, మా అందరికీ వీపు పెట్టి మళ్లీ కూర్చుంది. నేను కళ్లు మూసేసుకున్నాను. "అయ్యిందే! అయ్యిందే పిల్లా!" అని మామ్మ కేక పెట్టేదాకా తెరవలేదు. నేను ఏడ్చేశాను. అమ్మ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంది. జున్ను శ్రద్ధగా ఇసక కప్పి, ఈ మనుషులకి వేరే పనేం లేదా అన్నట్టు తోక ఎత్తుకుని వెళ్లిపోయింది. నా వెనక బావగారు "అదృష్టం అంటే దానిది" అని గొణగడం నాకు మాత్రమే వినిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన ధైర్యం చేసి, జున్ను కోసం ఉడికించిన గుమ్మడికాయ తనకీ కొంచెం పెట్టమన్నారు. అల్లుడు తనంతట తాను నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదలు. అమ్మ ఆనందం పట్టలేకపోయింది. మర్నాడు గుమ్మడికాయ దప్పళం, గుమ్మడికాయ కూర, గుమ్మడికాయ హల్వా, అన్నిటి మీదా నెయ్యి. టేబులు కింద మాత్రం ఎవరూ లేరు. జున్నుని నేను నా గదిలో పెట్టుకున్నాను. బావగారు నా వైపు ఒక్క చూపు చూసి, అన్నీ తిన్నారు. అయితే గుమ్మడికాయ మేలుచేసేదే కాబట్టి, మూడోపూటకి ఆయన కూడా కాస్త నవ్వు మొహంతో కనపడ్డారని చెప్పాలి.

జున్ను తరవాత చాలా ఏళ్లు బతికింది. నా పెళ్లి చూసింది. ఇప్పుడు లేదు. బావగారు బదిలీ మీద రాజమండ్రి వచ్చి అక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడాయన్ని చూస్తే ఎవరికీ చిలక్కొయ్య గుర్తురాదు. మొన్న వాళ్ల అమ్మాయికి పెళ్లి చేశారు. అల్లుడిది వరంగల్ వైపు, సన్నగా ఉంటాడు. మనుగుడుపులకి నేనూ వెళ్లాను. భోజనాలకి ముందు బావగారు ఇంట్లో ఉన్న పిల్లిని (పేరు సున్నుండ) స్వయంగా ఎత్తుకెళ్లి వెనకగదిలో పెట్టి గొళ్లెం వేశారు. నన్ను చూసి "మన జాగ్రత్తలో మనం ఉండాలి కదమ్మా" అన్నారు. తరవాత గరిటె పట్టుకుని అల్లుడి పక్కన నిలబడి, "చాలు మామయ్యా" అంటున్న ఆ పిల్లాడి చేతుల సందులోంచి కోడికూర వడ్డిస్తూ, "అయ్యో, అప్పుడేనా బాబూ! మా వంట నచ్చలేదేమో" అన్నారు. అచ్చం మా అమ్మ గొంతు!

నేను ఆ అబ్బాయి పక్కకుర్చీలో ఉన్నాను. కాసేపటికి అతని ఎడమచెయ్యి గారె పట్టుకుని మెల్లిగా టేబుల్ గుడ్డ కిందకి దిగింది. అక్కడ దేనికోసమో వెతికింది. పాపం, ఎవరూ లేరు. నాకు ఒక్కసారిగా జున్ను గుర్తొచ్చింది. ఒకప్పుడు తలుపు సందుకి చెవి పెట్టి కోపంతో ఊగిపోయిన పిల్లని తలుచుకుని నవ్వూ వచ్చింది. నా అరచెయ్యి గుడ్డ కిందకి చాపాను. గారె అందులో పడింది. అబ్బాయి ఉలిక్కిపడి నా వైపు చూశాడు. నేను గోడ మీద గడియారం వైపు చూస్తూ గారె తినేశాను. చాలా బాగుంది. జున్నుని అనడానికి ఏమీ లేదు.

చెయ్యి వెనక్కి తీసుకుందామనుకునే లోపల ఇంకో గారె పడింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు.