లడాఖ్ జీపులో ముందు సీటు

ఆర్మూర్ నుంచి లడాఖ్‌కు పాత జీపులో పోవాలని ఎవరికైనా మనసు పుడితే ఈ నాలుగు ముక్కలు పనికొస్తాయి. మేమింకా లడాఖ్ పోలేదు. జూన్‌లో దారులు తెరిచాక పోవాలని అనుకున్నాం. అంత దూరం పోయే ముందు జీపు ఎంతవరకు తట్టుకుంటుందో చూద్దామని, ఎండలు ముదరకముందే ఒక ఆదివారం మోర్తాడ్ పోయి, అక్కడి నుంచి భీమ్‌గల్ మీదుగా ఇంటికి రావాలని బయలుదేరాం. దూరం తక్కువే. ఆ కాస్త దూరంలో నాకు పట్టిన కుళ్ళు మాత్రం తక్కువది కాదు.

మా ఆయన గంగాధర్ పదహారేళ్ళు ఖతర్‌లో పెద్ద లారీలు నడిపాడు. రెండేళ్ళకొకసారి వచ్చి రెండు నెలలుండి పోయేవాడు. పోయిన దసరాకు పూర్తిగా వచ్చేశాడు. వచ్చిన నెలకే, ఆదిలాబాద్ వైపు ఎవరో రైతు కొట్టంలో పడి ఉన్న పెట్రోలు జీపును లారీ మీద ఎక్కించుకొని తెచ్చాడు. వయసులో అది నాకంటే పెద్దది. అప్పటి నుంచి నేను ఆయన ముఖం చూసింది తక్కువ, జీపు కింద నుంచి బయటికి వచ్చిన కాళ్ళు చూసింది ఎక్కువ.

నాకు పాత బస్టాండు దగ్గర మిషను దుకాణం ఉంది. జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. జీపుకు పైన కాన్వాసు గుడ్డ నేనే కుట్టాను. రెండు సూదులు విరిగాయి. సీట్ల కవర్లూ నేనే కుట్టాను. ముందు ఎడమ సీటుకైతే లోపల రెండు పొరల స్పాంజి పెట్టి, నడుముకు ఆనేచోట ఇంకాస్త మందంగా చేశాను, ఎవరి నడుము కొలత చూసి చేశానో చెప్పనక్కర్లేదు. దారి కూడా నాకు నోటికి వచ్చు. మా ఊరు పక్క నుంచి పోయే హైవే పట్టుకుంటే నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, పఠాన్‌కోట్, జమ్మూ. ఎక్కడ రాత్రి ఆగాలో, ఎక్కడ మన తిండి దొరుకుతుందో జాకెట్లకు గుండీలు కుడుతూ ఫోన్లో చూసి పెట్టుకున్నాను.

ఒకరోజు ఆయన ఫోన్లో అనగా విన్నాను. “లింబాద్రి, నువ్వు నాతోని ముందట ఉండాలె. ఇద్దరం మార్చుకుంట నడుపుదం. సుజాత వెనుక కూసుంటది, ఆమెకేం తక్లీఫ్.”

లింబాద్రిది భీమ్‌గల్. ఖతర్‌లో ఆ పదహారేళ్ళూ మా ఆయనది, అతనిది ఒకటే గది. మా ఆయన కంటే ఒక్క నెల ముందు ఇంటికొచ్చి పొలం చేసుకుంటున్నాడు. మనిషి మంచివాడు. అదే నా బాధ, ఏదైనా వంక పెట్టడానికి కూడా ఏమీ దొరకదు.

ఆదివారం పొద్దున ఆరింటికి ఆయన జీపు ముందు నిలబడి రేడియేటర్‌లో పిడికెడు పసుపు వేస్తున్నాడు. సన్నగా నీళ్ళు కారుతున్నాయట. కారే రేడియేటర్‌లో పసుపు వేస్తే ఆ సందు పూడుకుపోతుందని లారీ డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయమే. వేరే ఊళ్ళలో చెంచాడు వేస్తారేమో. ఇంటి నిండా పసుపున్న మా దగ్గర చెంచా కోసం ఎవరూ వెతకరు.

“లింబాద్రికి చెప్పకు,” అన్నాడు. “లీకేజీ అంటె వాడు ట్రిప్పే వద్దంటడు.”

నాకు లోలోపల సంబరమైంది. లింబాద్రికి తెలియనిది, నాకు తెలిసినది ఒకటి దొరికింది.

ఏడింటికి లింబాద్రి మొదటి బస్సులో దిగాడు. “బాగున్నవా వదినె,” అని నన్ను పలకరించి, నేను కుట్టిన సీటులో కూర్చొని రెండుసార్లు ఎగిరి చూశాడు. “మస్తున్నది అన్నా, నడుముకు పాణం లేచొచ్చినట్టున్నది.” నేను వెనుక అడ్డ బల్ల మీద, జాకీకి, నీళ్ళ డబ్బాకు మధ్య ఎక్కాను. పెర్కిట్ దగ్గర పెట్రోలు పోయించారు. బస్సులో ఆడవాళ్ళకు టికెట్టే లేదు, ఊరికే పోవచ్చు. ఈ మోతలో, ఈ పొగలో ఎందుకు కూర్చున్నానా అని అప్పుడే అనిపించింది.

మోర్తాడ్ రోడ్డు మీద ఇంజను హోరుకు నాకు వాళ్ళ మాటలు సగమే వినపడ్డాయి. విన్నా లాభం లేదు. వాళ్ళు పూర్తి వాక్యాలు మాట్లాడుకోరు. ఒకరు “గాడు...” అంటాడు, రెండోవాడు “ఆఁ, గా రాత్రి,” అంటాడు, ఇద్దరూ పడీ పడీ నవ్వుతారు. వాడెవడో, ఆ రాత్రి ఏం జరిగిందో నాకు తెలియదు. వేల్పూర్ దాటాక మా ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నాడు. అంతే, లింబాద్రి సీసా మూత తీసి చేతిలో పెట్టాడు. నీళ్ళ డబ్బా పక్కనున్నది నేను. నాకు తెలియలేదు.

ఎనిమిదింపావుకు మోర్తాడ్‌లో మా అక్క రాజవ్వ ఇంటి ముందు ఆగాం. అక్క వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. లేచి, చేతులు కడుక్కొని జొన్నరొట్టెలు, పప్పుకూర పెట్టింది. జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది.

“నువ్వు ముందట కూసోవా?”

“అది నా సీటు కాదక్కా.”

“మరి కుట్టింది నువ్వే గద,” అంది. నేను రొట్టె తుంచుకున్నాను.

తరువాత అక్క టీ పెట్టబోతుంటే లింబాద్రి వంటింటి గడప దాకా వచ్చి, “అక్కా, అన్నకు జర చక్కెర తక్కువెయ్యి, తియ్యగ తాగడు,” అన్నాడు. పెళ్ళైన నాటి నుంచి నేను రెండు చెంచాలు వేసి ఇస్తున్నాను. ఒక్కనాడూ వద్దనలేదు, కప్పు ఖాళీ చేసి ఇచ్చేవాడు. ఇన్నేళ్ళూ ఆయన ఇష్టంగా తాగుతున్నాడనే అనుకున్నాను. మొగుడికి టీ ఎట్లా ఇష్టమో పరాయి మగవాడి నోట విన్న ఆడదానికి ఎట్లా ఉంటుందో, అట్లానే ఉంది నాకు. అక్క నా వంక చూసి, చూడనట్టు పొయ్యి వైపు తిరిగింది.

టీ తాగాక మా ఆయన మా బావతో మక్కజొన్న చేను చూడటానికి పోయాడు. లింబాద్రి అక్కను జర పసుపు అడిగాడు, వేలు కోసుకున్నాడట. అక్క పెద్ద మనసుతో పొట్లం కట్టి ఇచ్చింది. అతను దాన్ని పట్టుకొని బయటికి పోయాడు. వేలికి ఏమైందని నేను అడగలేదు. అడిగే స్థితిలో లేను.

పదింటికి భీమ్‌గల్ దారి పట్టాం. పసుపు ఉడికించే కాలం కాబట్టి ఎక్కడ చూసినా కళ్ళాల్లో కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. గుట్టల మధ్య మోదుగులు పూశాయి. చూడదగ్గ దారే. కానీ నా కళ్ళు ముందున్న రెండు తలల మీదే ఉన్నాయి. ఒక మూలమలుపు దాటి ఎత్తు ఎక్కుతుండగా బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఆయన పక్కకు తీసి ఇంజను ఆపాడు.

చల్లారేదాకా మూత తీయకూడదు. రోడ్డు పక్కన కూర్చున్నాం. భీమ్‌గల్ నుంచి ఆర్మూర్ పోయే బస్సు మా దగ్గర నెమ్మదించింది. కండక్టరమ్మ తల బయట పెట్టి, “అక్కా, ఎక్కుతవా? ఆళ్ళు ఇయ్యాల్ల కదిలేటట్టు లేరు,” అంది. నిజం చెప్పాలంటే కాలు లేచింది. కానీ నేను పోతే వాళ్ళిద్దరూ ఇక్కడ హాయిగా కూర్చొని గాడి గురించీ, గా రాత్రి గురించీ చెప్పుకుంటారు. ఎక్కలేదు.

కాసేపయ్యాక ఆయన తడిగుడ్డతో మూత తిప్పాడు. లోపల నీళ్ళు లేవు. పచ్చటి ముద్ద, పప్పు మాడబోతే ఎట్లా చిక్కబడుతుందో అట్లా ఉంది.

“నేను పిడికెడే వేసిన గద,” అన్నాడు మా ఆయన.

లింబాద్రి తల తిప్పి చూశాడు. “నువ్వెప్పుడు వేసినవన్నా?”

“పొద్దుగాల్ల. నువ్వు రాకముందు.”

“నేను మోర్తాడ్ల పొట్లం పొట్లమే వేసిన. కింద బొట్లు బొట్లు కారుతున్నది చూసి.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నువ్వు పరేషాన్ అయితవని. నువ్వెందుకు చెప్పలే?”

“నువ్వు ట్రిప్పు వద్దంటవని.”

ఇద్దరూ ఆ పచ్చముద్దలోకి చూస్తూ నిలబడ్డారు. నాకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పదహారేళ్ళు ఒక గదిలో పడుకొని లేచినవాళ్ళు, అడగకుండానే నీళ్ళిచ్చుకునేవాళ్ళు, ఒకరికి తెలియకుండా ఒకరు జీపు నోరు పూడ్చారు. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన ఆనందం మంచి ఆనందం కాదు. అయినా కడుపునిండా అనుభవించాను.

“నవ్వకు వదినె,” అన్నాడు లింబాద్రి, తనూ నవ్వుతూ. మా ఆయన నవ్వలేదు.

ఒంటిగంట దాటాక పసుపు బస్తాలతో ఆర్మూర్ పోతున్న ట్రాక్టర్ ఒకటి ఆగింది. నడిపే పెద్దాయన పేరు భూమన్న. సంగతంతా విని, “లడాఖా,” అని జీపును కింది నుంచి పైదాకా చూశాడు. “ముందుగాల్ల ఆర్మూర్ చేరున్రి,” అని ట్రాలీకి తాడు కట్టించాడు. తాడు మీద కన్నేసి ఉంచడానికి లింబాద్రి బస్తాల మీదికి ఎక్కాడు. మా ఆయన స్టీరింగ్ పట్టుకున్నాడు. నేను ఎవరినీ అడగకుండా ముందు సీటులో కూర్చున్నాను. స్పాంజి నా నడుముకు సరిగ్గా అమరింది.

ఇంజను ఆగి ఉంది కాబట్టి మొదటిసారి ఆ జీపులో మాట వినబడింది.

“జూన్‌ల గీ సీట్ల ఎవరు కూసుంటరు?” అన్నాను.

ఆయన తాడు వైపే చూస్తున్నాడు. “నీకు చెప్పస్తలేదు నాకు,” అన్నాడు. “రెండు నెలలంటె నాకెరుకే. మొదటి నెల చుట్టాల ఇండ్లు తిరుగుడు, రెండో నెల సామాను సర్దుడు. గంతకు మించి నీతోని ఎట్లుండాల్నో నాకు తెల్వది. లింబాద్రితోని ఐతే ఏం మాట్లాడకున్న దినం ఎల్లుతది. గన్ని దినాలు పక్కపక్కన కూసోని, నేనేం మాట్లాడకుంటె నువ్వేమనుకుంటవో అని భయం.”

పొద్దటి నుంచి నేను మనసులో తయారు చేసుకున్న తిట్లు చాలా ఉన్నాయి. వాటి బదులు టీ సంగతి అడిగాను.

“చక్కెర ఎక్కువైతున్నదని ఎందుకు చెప్పలే?”

“రెండు నెలల కోసం ఏం చెప్తం అనుకున్న.”

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతోనా, జాలితోనా, ఎవరి మీద జాలితోనా, నాకు తెలియదు. “ఇప్పుడు రెండు నెలలకు పోయేది లేదు గద,” అన్నాను. “లేదు,” అన్నాడు. ఆ తరువాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. గుట్టలు పోయాయి, ఒక చెరువు పోయింది, మక్క చేలు వచ్చాయి. ఆయన ఒకటి రెండుసార్లు నా వంక చూశాడు. ఏమీ అనుకోవడం లేదని చెప్పాలనిపించింది. చెప్పకుండానే కూర్చున్నాను.

ఇక పోయేవాళ్ళకు నేను చెప్పగలిగినవి. రేడియేటర్‌లో పసుపు వేస్తే చెంచాడే వెయ్యండి, వేసే ముందు ఇంకెవరైనా వేశారేమో అడగండి. మోర్తాడ్, భీమ్‌గల్ మధ్య మధ్యాహ్నం నీడ ఉండదు. ఇద్దరు స్నేహితులతో కలిసి పోయే ఆడవాళ్ళు సీటు సంగతి ఇంటి దగ్గరే తేల్చుకోండి. నా కుళ్ళు పూర్తిగా పోయిందని చెప్పను. ఆ పదహారేళ్ళు లింబాద్రికే పోయాయి, అవి నాకు తిరిగి రావు.

వేల్పూర్ దగ్గర తాడు వదులైందని భూమన్న ట్రాక్టర్ ఆపాడు. లింబాద్రి బస్తాల మీంచి దిగి తాడు బిగించాడు. ఒళ్ళంతా పసుపు దుమ్ము, ముఖం ఎండకు నల్లబడింది. ఇక పైకెక్కే ఓపిక లేదని అలవాటుగా ఎడమవైపు వచ్చి, లోపలికి కాలు పెట్టబోయి నన్ను చూసి ఆగాడు. నేను కదల్లేదు.

“వెనుక ఎక్కు లింబాద్రి,” అన్నాడు మా ఆయన.

“లడాఖ్ దాకా వెనుకనేనా అన్నా?” నవ్వుతూనే అడిగాడు లింబాద్రి. కానీ ఆ గొంతు నేను గుర్తుపట్టాను. పొద్దటి నుంచి నా గొంతు కూడా అట్లానే ఉంది.

“నువ్వు నడిపేటప్పుడు ముందటికి రా. అప్పుడు నేను వెనుకకు పోత,” అన్నాడు మా ఆయన. “గీ సీటు ఆమెదే.”

లింబాద్రి వెనుక జాకీ జరుపుకొని కూర్చున్నాడు. ట్రాక్టర్ కదిలింది. ఆర్మూర్ చేరేసరికి నాలుగు కావచ్చింది.