ఈగలకు వండే పెద్దమ్మ

ఆ వంటగదిలో వండింది మనుషులెవరూ తినరు. పరిశోధనాలయం వెనకవైపు, గ్యాసు సిలిండర్లు నిలబెట్టిన సందును ఆనుకుని ఉంటుందా గది. కింది అంతస్తులో ఈగలను పెంచుతారు. పై అంతస్తులో బూజులను పెంచుతారు. డాబా మీది గాజు గదిలో, సీసాల్లో మొక్కల పిలకలు. ఇన్ని నోళ్లకూ వండి వార్చేది పెద్దమ్మ ఒక్కతే. ఎవరికి పెద్దమ్మ అంటే అందరికీ. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు మొదట అలా పిలిచారు. తరవాత వాళ్లకు చదువు చెప్పే పెద్దలకూ అదే అలవాటైంది.

ఆమె భర్త అక్కడే తోటపని చేసేవాడు. ఆయన పోయాక ఆమెను గాజుసీసాలు కడిగే పనిలోకి తీసుకున్నారు. అప్పటి వంటాయన వయసు మళ్లి వెళ్లిపోతూ గరిటె ఆమె చేతికిచ్చి, "పొయ్యి దగ్గర ముక్కు తెరుచుకుని ఉండమ్మా, చాలు" అన్నాడు. ఆమె ఆ మాట పట్టుకుంది. మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు, గట్టిపడేందుకు సముద్రపు నాచు పొడి కలిపి ఈగలకు జావ కాచేటప్పుడు, ఈస్టు పచ్చివాసన పోయిందో లేదో గుమ్మం అవతల నుంచే చెప్పేది. పొయ్యి వెలిగించే ముందు కళ్లు మూసుకుని, "తండ్రీ, తినేవాళ్లకు సయించేలా చూడు" అనుకునేది. తినేవి ఈగలైతే మాత్రం ఏమిటి, ఆకలి పెట్టినవాడు ఒక్కడే కదా అని ఆమె నమ్మకం.

ఆ వంటలో ఒక చిక్కుంది. బూజుల మీద పనిచేసే పెద్దాయనను అందరూ బూజు సారు అంటారు. ఆయన గిన్నెలకు బూజు పట్టాలి. ఈగల జావకు పట్టకూడదు. అందుకని జావ కాస్త చల్లారాక, గిన్నె మీద అరచెయ్యి ఆనించగలిగిన వేడిలో, బూజుమందు పోస్తారు. అది పాతచెప్పుల కంపు కొట్టే ఒక పుల్లటి ద్రావకం. వేడి మీద పోస్తే ఆవిరై పోతుంది, మరీ చల్లారాక పోస్తే కలవదు. బల్ల మీద గిన్నెలు వరసగా చల్లారుతుంటే పెద్దమ్మ ఒక్కోదానిలో పోసుకుంటూ పోయేది. మధ్యలో ఎవరైనా పిలిచి వెళ్లొచ్చినా ఇబ్బంది లేదు. వంగి వాసన చూస్తే దేనిలో పడిందో దేనిలో పడలేదో గిన్నే చెప్పేది.

ఆ ఏడు ఆమెకు గట్టి జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం పోతూ పోతూ ముక్కును వెంట తీసుకుపోయింది. సబ్బు, కిరసనాయిలు, మల్లెపువ్వు, అన్నీ ఒకటే. నాలుగు రోజుల్లో అదే వస్తుందిలే అనుకుంది. రాలేదు. ఏడాదికొకసారి ఆమె పని పొడిగించాలో వద్దో సంతకం పెట్టేది బూజు సారే. ముక్కు పోయిన వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు? అందుకని ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు గిన్నెలలో మందు పోస్తుండగా నీళ్ల పంపు మనిషి పిలిచాడు. తిరిగి వచ్చేసరికి ఏ గిన్నె దగ్గర ఆగిందో గుర్తు లేదు. వంగి చూసింది. గాలి పీల్చినట్టే ఉంది తప్ప ఇంకేమీ లేదు. పోయకుండా వదిలేస్తే మూడోనాటికి బూజు పట్టి తన గుట్టు బయటపెడుతుంది. ఎక్కువైతే ఎవరికి తెలుస్తుంది? అన్నిటిలో ఇంకోసారి పోసేసింది. ఆ తరవాత అనుమానం వచ్చినప్పుడల్లా అదే పని చేసింది.

ఇంట్లో మాత్రం కోడలి దగ్గర దాగలేదు.

"అత్తయ్యా, పాలు మాడి గిన్నె బొగ్గయింది. మీరు పక్కనే కూర్చున్నారు."

"ఏదో ధ్యాసలో ఉన్నానే."

"మొన్న గ్యాసు వాసనొస్తుంటే నేను పరిగెత్తుకొచ్చి కిటికీలు తెరిచాను. అప్పుడూ ధ్యాసేనా? మీ అబ్బాయి సాక్సులు మీ పక్కనే పెట్టినా కదల్లేదు. అప్పుడే అనుకున్నాను."

"వాడి సాక్సులకు కదలకపోతే ఇక నేను పోయినట్టేలే" అని పెద్దమ్మ నవ్వబోయి, నవ్వలేక కొంగుతో మొహం తుడుచుకుంది.

మర్నాటి నుంచి పొయ్యి దగ్గర పని కోడలే అందుకుంది. ఇరుగుపొరుగు అడిగితే, "మా అత్తయ్య అక్కడ వండీ వండీ అలిసిపోతోంది" అని చెప్పేది.

ఇక ఈగలమ్మాయి సంగతి. ఆ పిల్ల కింది అంతస్తులో పరిశోధన చేస్తోంది. చిన్నతనంలో పస్తున్న పురుగు ఈగ అయ్యాక ఎక్కువ కాలం బతుకుతుందా అన్నది ఆమె ప్రశ్న. బతుకుతుందని కిందటేడు తేల్చింది, అది అచ్చు కూడా అయింది. తన భోజనం డబ్బా తెచ్చుకుని వంటగది బల్ల మీదే తినడం ఆమె అలవాటు. పెద్దమ్మకు జ్వరం వచ్చినప్పుడు మందుల చీటీ పట్టుకుని వెళ్లి మందులు తెచ్చిచ్చిందీ ఆ పిల్లే.

ఒక మధ్యాహ్నం ఆమె డబ్బా మూత కూడా తియ్యకుండా కూర్చుంది.

"ఏం తల్లీ, నీ ఈగలకు పస్తులు పెట్టి నువ్వూ పస్తుంటావా?"

"అక్కడే వచ్చింది చిక్కు పెద్దమ్మా. కడుపునిండా పెట్టిన పురుగులు కూడా పస్తున్నవాటిలాగే ఉన్నాయి. ఎదగడం లేదు. గాజుగోడ ఎక్కి గూడు కట్టాల్సినవి అడుగునే నలుగుతున్నాయి. వెచ్చటి పెట్టె పాడైందేమోనని బాగు చేయించాను. నీళ్లు మార్చాను. చివరికి నా చెయ్యే మంచిది కాదనిపిస్తోంది."

"చెయ్యికేమైందమ్మా..."

"కిందటేడు నేను చెప్పింది తప్పేమో. సోమవారం పెద్దవాళ్లకు రాసిచ్చేస్తాను, అది వెనక్కి తీసుకుంటున్నానని. ఊరికే వచ్చిన మంచిపేరు మనకెందుకు పెద్దమ్మా?"

పెద్దమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మందు ఎక్కువైన జావ సయించకే కడుపునిండా పెట్టిన పురుగులు ఎదగడం లేదని ఆ గదిలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి మళ్లీ గరిటె తిప్పసాగింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కోడలికి చెప్పింది. కోడలు బట్టలు మడతపెడుతూ అంతా వింది.

"చెబితే పని పోతుందేమోనే" అంది పెద్దమ్మ.

"పోవచ్చు."

"కాస్త ధైర్యం చెబుతావనుకున్నాను."

"ఉత్తుత్తి ధైర్యం ఎందుకత్తయ్యా? ఇంట్లో మీ ముక్కు నేనున్నాను. అక్కడ గ్యాసు బండల పక్కన మీ ముక్కెవరు?" అంది కోడలు. ఆ తరవాత మెల్లగా, "రేపు నేనూ వస్తాను, గేటు దాకా" అంది.

వచ్చింది కూడా. గేటు దగ్గర నిలబడి అత్తగారు లోపలికి పోయేదాకా చూసింది.

పెద్దమ్మ తిన్నగా బూజు సారు గదికి వెళ్లింది. ఈగలమ్మాయినీ పిలిపించమంది. ఇద్దరి ముందూ నిలబడి, ముక్కు పోయిన సంగతీ, మందు రెండుసార్లు పోసిన సంగతీ చెప్పింది. ఎక్కువైతే ఎవరికీ తెలియదని తెలిసే పోశానని కూడా చెప్పింది. ఆ చివరి మాట చెప్పకపోయినా గడిచేదే. కాని పొద్దున దణ్ణం పెట్టుకున్నప్పుడు సగం చెప్పడం కుదరదని నిశ్చయించుకుంది.

ఈగలమ్మాయి మొహం ఎర్రబడింది. "నెలల తరబడి పెద్దమ్మా! నేను ఆ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చాను కదా!" అని లేచి వెళ్లిపోయింది.

బూజు సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"తీసేస్తారని సారూ."

"తీసేస్తే నా బూజులకు ఎవరు వండుతారు? నేనా? మా ఇంట్లో నన్ను టీ కూడా పెట్టనివ్వరు." ఆయన నవ్వలేదు. "తప్పు పెద్దదే. ఆ సీసాలన్నీ పారేయాలి. మీరే కడగాలి. ముందు గ్యాసు కారితే మోగే గంట ఒకటి పెట్టిస్తాను. మందు సంగతి ఆలోచిద్దాం."

ఆ వారమంతా పెద్దమ్మ సీసాలు కడిగింది. చచ్చిన పురుగులు కాలవలోకి పోతుంటే, "క్షమించండ్రా అయ్యా" అని గొణుక్కుంది. ఈగలమ్మాయి వంటగది వైపు రాలేదు. డబ్బా ఎక్కడో మెట్ల మీద తింటోందని తెలిసింది. ఆ బల్ల మీద ఆమె కూర్చునే చోటు పెద్దమ్మ రోజూ తుడిచి ఉంచేది.

సోమవారం నాడు ఆ పిల్ల పెద్దవాళ్లకు ఏమీ రాసివ్వలేదు. ఆ మర్నాడు చిన్న సీసాతో వంటగదిలోకి వచ్చింది. కోపం పూర్తిగా పోయిన మొహం కాదు.

"సారు ఇమ్మన్నారు. మందులో నీలిరంగు కలిపాం, తినే రంగే. ఒక గిన్నెలో పోసి చూడండి."

పసుపుపచ్చటి జావలో నీలిమందు పడింది. గరిటె తిప్పగానే జావ లేతాకు రంగుకు తిరిగింది.

"ఒకసారి పోస్తే ఈ రంగు. రెండుసార్లు పోస్తే ముదురాకు రంగు. అసలు పోయకపోతే పసుపే. ఇక ముక్కుతో పనిలేదు" అంది ఈగలమ్మాయి.

"ఈ రంగు వాటికి పడుతుందా తల్లీ?"

"అది చూశాకే వాడతాను. రంగు వేసినవీ వెయ్యనివీ పక్కపక్కన పెంచుతాను. ఇంకోసారి ఎవరినీ నమ్మేది లేదు" అని, చెప్పాక నాలిక కరుచుకుంది.

"నిజమేనమ్మా. నమ్మకు. చూసుకో" అంది పెద్దమ్మ.

రంగు వాటికి పడింది. రెండు రకాల సీసాల్లోనూ కడుపునిండా తిన్న పురుగులు చెప్పినట్టు గాజుగోడ ఎక్కి గూళ్లు కట్టాయి. పస్తున్నవి ఆలస్యంగా కట్టాయి. ఆ గూళ్లు విడిచి వచ్చిన ఈగల్లో పస్తున్నవే ఎక్కువ కాలం బతికాయి. కిందటేటి మాట నిలిచింది. ఆ రోజు ఈగలమ్మాయి ఒక సీసాను కిటికీ వెలుతురులో పట్టుకుని పెద్దమ్మకు చూపించింది. తెల్లటి పురుగు ఒంట్లో సన్నని ఆకుపచ్చ గీత. తిన్న జావ బయటికి కనిపిస్తోంది. "నా వంట ఎవరి కడుపులోకి పోతోందో ఇన్నేళ్లకు చూశాను" అని పెద్దమ్మ సీసాకు దణ్ణం పెట్టింది. ఈగలమ్మాయి డబ్బా తెచ్చుకుని తన చోట కూర్చుంది.

ముక్కు తిరిగి రాలేదు. ఆ ఏడు కూడా బూజు సారు సంతకం పెట్టాడు. ఎవరు మొదలుపెట్టారో గాని, వంటగది ముందునుంచి పోయే ప్రతివాళ్లూ ఒక నిమిషం ఆగి తల లోపలికి పెట్టి, "పెద్దమ్మా, ఈస్టు వాసన ఇంకా పచ్చిగా ఉంది" అనో, "ఇప్పుడు సరిపోయింది, దించెయ్యి" అనో చెప్పి పోవడం ఆనవాయితీ అయింది. గంట ఉంది, రంగు ఉంది, అయినా ఆగుతారు.

బూజు సారు కూడా ఆగుతాడు. ఒకరోజు ఆయన గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చి, కంగారుగా, "అమ్మా, నాకూ ఏమీ రావడం లేదే!" అన్నాడు.

"ఇంకా పొయ్యి వెలిగించలేదు సారూ" అంది పెద్దమ్మ.