పేర్చిన బెడ్డలు

రెండువేల నాలుగు, తొలకరి ముందు మాట. ముమ్మిడివరం దగ్గర ఓ దుక్కి చేనుకి దేవసహాయం కాపలాదారు. రోజుకూలీయే గానీ, అక్కడ జరిగే పరిశోధన సజావుగా సాగితే ఉద్యోగం ఖాయం చేయిస్తానని సత్యవేణిగారు మాటిచ్చారు. ఆవిడ మట్టిని చదివే శాస్త్రవేత్త. నాగలి లేపిన బెడ్డల మీద లేజరు ఎర్రగీతని పాకించి, ఎత్తుపల్లాలు కంప్యూటరుకి ఎక్కిస్తారు. పెద్దబెడ్డ మీద చిన్నది, దాని మీద ఇంకా చిన్నది. ఆ గరుకునంతా ఒక్క అంకెలోకి దించుతారట, ఫ్రాక్టల్ లెక్కట! వాన పడకముందు ఓసారి, పడ్డాక ఓసారి కొలవాలి. అందాకా చేలో కాకి కూడా వాలకూడదని ఆవిడ ఆజ్ఞ.

కొలిచే రోజు పొద్దున్నే దేవసహాయం టీ తాగి వచ్చేసరికి కొంప మునిగింది. భార్య కాంతమ్మ కర్రసుత్తితో సగం చేను చితక్కొట్టి మెత్తగా చేసేసింది. బెడ్డలు తేలిన చేను చూస్తే ఊళ్లో ఆ చేను చూసే మనిషిని బద్ధకస్తుడంటారు మరి. పెద్దవాళ్లొచ్చే వేళకి మొగుడి పరువు పోకూడదని బెడ్డల్నే కొలుస్తారని తెలీని ఆ పిచ్చితల్లి తాపత్రయం.

దేవసహాయం భార్యని తిట్టకుండా ఇంటికి పంపేసి, గట్టు అవతలి దుక్కిలోంచి బెడ్డలు మోసుకొచ్చి ఒక్కొక్కటే పేర్చాడు. లేచి చూస్తే రెండు సగాలూ ఒక్కలాగే ఉన్నాయి. పైన మబ్బు కమ్ముకొస్తోంది.

సత్యవేణిగారు వచ్చారు. టార్పాలిన్ నీడలో ఎర్రగీత పాకింది. మొదటి సగం బాగానే వచ్చింది. రెండో సగం అంకె చూసి ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. పెద్దబెడ్డలున్నాయి, వాటిని అంటిపెట్టుకుని ఉండాల్సిన చిన్నవి లేవు.

“ఇక్కడ ఎవరు చెయ్యి పెట్టేరండీ?”

“నేనేనండి.”

ఎందుకని అడిగితే, బెడ్డలు చితికిపోతే వేరేవి తెచ్చి పేర్చానండి అన్నాడు. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. పొద్దున్నే చెప్పుంటే మళ్లీ దున్నించి కొలిచేవాళ్లం కదా అని ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. సగం పని గంగపాలైంది. రేపట్నుంచి రావద్దని చెప్పి జీపెక్కేశారు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. కాంతమ్మ నివ్వెరపోయింది.

“చితక్కొట్టింది నేనని చెప్పేస్తే సరిపోయేది కదండీ?”

“నలుగుర్లో నిన్ను నిలబెట్టి అడుగుతారనే చెప్పలేదే,” అన్నాడు.

ఆవిడ కర్రసుత్తి చూరులో దోపబోయి, అక్కడే చతికిలబడి ఏడ్చింది.